పత్తి అని రాసిన డబ్బా

కంభంలోని మా మిషను ఆసుపత్రిలో మందుల గది వెనక ఒక చిన్న గది ఉండేది. దానికి ఒకటే కిటికీ. గోడ పొడుగునా రెండు చెక్క అరలు, వాటి మీద పదకొండు రేకు డబ్బాలు. ఆ గదిని అందరూ బొమ్మల గది అనేవారు. పదహారేళ్లు దాని తాళంచెవి నా కొంగుకే ఉంది.

ఏటా వానలు వెనకబట్టాక దొరల దేశం నుంచి ఓడ మీద పార్సిళ్లు వచ్చేవి. వాటిలో గాజుగుడ్డ, సబ్బులు, పాత బట్టలు, అన్నిటికీ అడుగున కట్టలు కట్టలుగా బొమ్మల కార్డులు ఉండేవి. అక్కడి వాళ్లు క్రిస్మస్‌కు ఒకరికొకరు పంపుకొని, చూసుకొని, ఇక చాలనుకున్నవి. వాటిని విడదీసి, మురికివి తుడిచి, నలిగిన అంచులు కత్తిరించి, వార్డులో పిల్లలకు పుస్తకాలుగా అంటించడం నా పని. చిరిగిన వార్డు దుప్పట్లను ఒకే కొలతకు కోసి, గట్టిగా గంజి పెట్టి ఆరబెట్టి, నడుమ కుట్టు వేస్తే పుస్తకం అవుతుంది. గుడ్డ పుటలు గనుక పిల్లలు గుంజినా చిరగవు. బియ్యప్పిండి ఉడకబెట్టి జిగురు చేసేదాన్ని.

నా భర్త సామ్యేలు ఆ ఆసుపత్రి తోటకు నీళ్లు తోడేవాడు. జ్వరం వచ్చి వారం రోజుల్లో పోయాడు. మాకు పిల్లలు లేరు. ఆసుపత్రి నడిపే దొరసానమ్మ నన్ను పిలిచి ఈ పని ఇచ్చి, వంటశాల పక్కన ఉండటానికి చోటు చూపించింది.

అప్పటికి నాకు అక్షరం రాదు. డబ్బాలన్నీ ఒకే రకం బిస్కెట్ల డబ్బాలు. దేనిలో ఏముందో తెలియడానికి ఒక్కో మూతకు ఒక్కో గుర్తు కట్టుకున్నాను. పక్షుల బొమ్మలున్న దానికి కోడి ఈక, పూల బొమ్మలకు ఎండిన బంతిపువ్వు, దీపాలకు వత్తి, పిల్లల బొమ్మలకు చిన్న గాజు. తెల్లటి బొమ్మలున్న డబ్బాకు దూది ఉండ కట్టాను. ఆ కార్డుల్లో ఇళ్ల కప్పుల మీద, చెట్ల కొమ్మల మీద, దారుల మీద, మూరెడు మందాన తెల్లగా పడి ఉండేది. నల్లరేగడి చేలలో పత్తి తీసిన చేతులు నావి. నాకింకేం తోస్తుంది? అక్కడ పత్తి అంతగా పండుతుందనీ, ఇళ్లలో పట్టక కప్పుల మీద పోసుకుంటారనీ అనుకున్నాను.

దయామణి అనే నర్సు ఒంగోలు వైపు నుంచి వచ్చాక ఆ గుర్తులు చూసి నవ్వింది.

"ఏమిటత్తా ఈ ఈకలూ గాజులూ? ఎలకలు లాక్కెళితే ఏం చేస్తారు?"

"బంతిపువ్వు ఎత్తుకపోనే పోయినాయి. మళ్లీ కట్టినా."

"రాసుకుంటే ఎలకలేం చెయ్యవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రండి, పలక నేనిస్తాను."

నాకప్పుడు నలభై ఎనిమిదేళ్లు దాటాయి. అందరిలా వరసగా నేర్చుకోలేదు. నాకు కావలసింది పదకొండు మాటలే గనుక ఆ మాటల్లో ఉన్న అక్షరాలే ముందు నేర్పమన్నాను. పూలు, దీపాలు, పక్షులు అలా వచ్చాయి. పత్తికి నాలుగు రోజులు పట్టింది. మందుల గదిలోని సిరా అడిగి తెచ్చుకొని, తెల్లకాగితం ముక్క మీద రాసి, డబ్బాకు అంటించాను. ఎవరికైనా చూపించాలనిపించింది. దయామణి పురుడు గదిలో ఉంది. నేను డబ్బా పట్టుకొని ఆడవాళ్ల వార్డులోకి వెళ్లాను.

కిటికీ పక్క మంచం మీద బాషాబీ ఉంది. గిద్దలూరు దూదేకుల ఇంటి మనిషి. బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. కాలికి బరువు కట్టి కదలకుండా పడుకోబెట్టారు. కదలలేని మనిషి గనుక ఎవరు దగ్గరికి వచ్చినా వదిలేది కాదు. వచ్చిన రెండో రోజే నన్ను వదినా అని పిలిచింది.

"ఏంది వదినా, అంతగా మురిసిపోతాండావు?"

"రాసినా వదినా. నా చేత్తో నేనే. పత్తి."

"నాకు చూపిస్తే ఏం తెలుస్తాది, నాకది ఈగ కాళ్ల మాదిరి ఉండాది. పత్తి అంటే మా ఇంటి సరుకు గదా, లోపలుండేది చూపీ."

ఒక కార్డు తీసి ఇచ్చాను. చిన్న ఇల్లు, రెండు చెట్లు, వాటి మీద తెలుపు. బాషాబీ దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూసింది. చెట్టును వేలితో తడిమింది. తరువాత నా ముఖం వైపు చూసింది. నా వేళ్లకు ఇంకా సిరా ఉంది.

"మంచి ఏకుడు వదినా. ఒక్క గింజ లేదు, ఒక్క నలక లేదు. ఏకినోడెవడో గట్టోడు."

మూడు తరాలుగా దూది ఏకిన ఇంటి మనిషి అలా అన్నాక నాకు ఇంకేం అనుమానం ఉంటుంది?

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఆ డబ్బాతోనే గడిచేవి. నేను కార్డు పట్టుకుంటే బాషాబీ అక్కడి సంగతులన్నీ చెప్పేది.

"ఇంత పత్తి ఉండి, ఈ పిల్లోళ్లు చెవులకూ మెడకూ ఉన్నిగుడ్డలు ఎందుకు చుట్టుకున్నట్టు?" అని అడిగేదాన్ని.

"దూదిదుమ్ము చెవుల్లో పోకుండా. ముక్కులు చూడు ఎంత ఎర్రగుండాయో. దుమ్ము పీలిస్తే అట్లనే అయితాది. మా ఇంటాయన ముక్కు చూసినావంటే దీపం పని లేదు."

"ఈ బండికి చక్రాలు లేవే?"

"పత్తిలో చక్రం దిగబడదా? తెలివిగల్లోళ్లు, చక్రాలు పీకేసినారు."

పక్క మంచాల వాళ్లు మూలుగులు ఆపి వినేవారు. ఒకసారి కాంపౌండరు పిచ్చయ్య మందు పట్టుకొని నిలబడి, "మీ ఇద్దరి దేశానికి నన్ను కూడా తోలకపోండమ్మా" అన్నాడు. "నీ మందు తాగినోళ్లం బతికుంటే గదా నాయనా" అంది బాషాబీ.

ఆ కార్డులన్నిటితో ఒక పుస్తకం చేయాలని అనుకున్నాం. ముందు కప్పుల మీద పత్తి, తరువాత దారుల మీద పత్తి, తరువాత బండ్లు, చివరన కిటికీలో దీపం ఉన్న ఇల్లు. ఆ ఇంటివాళ్లు పనంతా అయ్యాక పరుపులు వేసుకొని పడుకున్నారన్నమాట; ఒక పరుపు నాది, రెండోది తనది అనేది బాషాబీ. ఏది ముందు, ఏది వెనక అని తగువులాడుకుంటూనే నాలుగు నెలలు గడిచాయి. ఒక్క పుట కూడా అంటించలేదు. అంటిస్తే అయిపోతుందని నాకు భయం.

సంక్రాంతి పోయిన వారానికి కొడుకు దస్తగిరి వచ్చి ఆమెను ఇంటికి తీసుకుపోయాడు. బండిలో గడ్డి మీద పడుకోబెడుతుంటే నా చేయి పట్టుకుంది.

"పుస్తకం అయినాక పంపొద్దు. నువ్వే తీసుకొని రా వదినా. మా ఇంట్లో నాలుగు దినాలుండి పో. దొరసాని కూడా పండుకోని ఉండదు, అట్లాంటి పరుపు మీద పండుకోబెడతా నిన్ను."

సామ్యేలు పోయిన తరువాత, మా ఇంటికి రా, ఉండు అని నన్ను పిలిచిన మనిషి లేదు. ఆ మాట నేను రోజూ తలుచుకునేదాన్ని. వంటశాల పక్క నా చాప పరుచుకునేటప్పుడు తలుచుకునేదాన్ని. అయినా పుస్తకం మొదలుపెట్టలేదు. పుస్తకం ఉన్నంతకాలం పోవడం ఉంటుంది గదా అనుకున్నాను.

ఆ ఏడు యుద్ధం వల్ల పార్సిళ్లు రాలేదు. మద్రాసు నుంచి కాగితం రావడం కూడా ఆగిపోయింది. ఒక సోమవారం పొద్దున పిచ్చయ్య బొమ్మల గది గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పుడూ నవ్వే మనిషి, ఆ రోజు తలుపు చెక్క గోకుతూ నిలబడ్డాడు.

"పిన్నమ్మా, దొరసానమ్మ చెప్పి పంపింది. మందు చీటీలకు కాగితం లేదు. ఈ కార్డుల వెనక తెల్లగా ఉంటది గదా, కోసి వాడమనింది."

"ఎన్ని కావాల నాయనా?"

"అన్నీ."

"అన్నీ అంటే?"

"డబ్బాలన్నీ పిన్నమ్మా. రాసినవి ఒక పక్క, తెల్లవి ఒక పక్క విడదీసి శనివారానికి ఇమ్మనింది. నాకూ బాగలేదు. ఏం చేద్దును? మొన్న ఒకాయనకు చీటీ లేక, మందు ఎట్ల తాగాల్నో అరచేతిలో రాసి పంపినా. ఇంటికి పోయి కడుక్కున్నాడంట."

కాదనడానికి లేదు. పదహారేళ్లు బొమ్మలను బట్టి వేరుచేసిన దాన్ని, ఆ వారం వాటిని బోర్లించి వెనకవైపు చూసి వేరుచేశాను. పక్షులూ దీపాలూ గొర్రెలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అన్నిటికంటే పెద్దవి, దళసరివి, ఎక్కువ తెలుపు ఉన్నవి పత్తి డబ్బాలో కార్డులే. ముందూ వెనకా రెండు వైపులా రాసుకోవచ్చు. పిచ్చయ్య కన్ను ముందు వాటి మీదే పడుతుందని తెలుసు. అవి పోతే బాషాబీ పుస్తకం ఉండదు. పుస్తకం లేకుండా ఏమని చెప్పి గిద్దలూరు పోయేది?

గుడ్డకు అంటించిన కార్డు చీటీకి పనికిరాదు. గురువారం దుప్పటికి గంజి పెట్టాను. శుక్రవారం జిగురు కాచి, నేల మీద కార్డులన్నీ పరిచి కూర్చున్నాను. మొత్తం ఇరవై రెండు. మేమిద్దరం అనుకున్న వరస నాకు గుర్తుంది. తొమ్మిదో కార్డు అంటిస్తుండగా దయామణి వచ్చింది.

"ఇదేం పుస్తకం అత్తా?"

"బాషాబీకి. పత్తి పుస్తకం. ఈ ఒక్కటీ పిచ్చయ్యకు ఇయ్యలేను దయామణమ్మా. దొరసానమ్మకు నువ్వే చెప్పాల."

"చెబుతాలెండి, ఒక్కటేగా." ఆమె వంగి చూసింది. డబ్బా మీది కాగితం చూసింది. మళ్లీ కార్డులు చూసింది. "పత్తి అంటారేమిటి? ఇది మంచు కదా అత్తా."

"పొగమంచు ఇట్ల కుప్పపోసుకుంటాదా?"

"ఆ మంచు కాదు. చలిదేశాల్లో వాన గడ్డకట్టి పడుతుంది. వడగళ్లు చూశారుగా, వాటిని పిండి చేసి కప్పు మీద పోసినట్టు. బోర్డింగు బడిలో చదివాను."

ఆదివారం ప్రసంగాల్లో హిమంలా తెల్లగా అన్న మాట వినే ఉన్నాను. అదొక రకం తెల్లగుడ్డ అనుకున్నాను.

ఆ మాటలు మందుల గదిలోకి వినబడ్డాయి. పిచ్చయ్య పరుగున వచ్చి డబ్బా మీద పేరు చదివి, గోడకు ఆనుకొని నవ్వాడు. "పత్తి! ఇన్నాళ్లూ పత్తి! ఆ దూదేకులామె కూడా చూసి ఔననింది గదా! ఇద్దరూ ఇద్దరే!" దయామణి అతన్ని కసిరింది. నేనూ నవ్వాను. వాళ్లు వెళ్లాక మిగిలిన పదమూడూ అంటించాను. చేయి ఆగలేదు గాని, చక్రాలు లేని బండి దగ్గరికి వచ్చినప్పుడు కాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయాను. చివరి కార్డులో, వడగళ్ల మీద పడుకున్న ఇంట్లో ఆ దీపం ఎందుకు వెలుగుతున్నట్టు?

బాషాబీకి ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నది నన్ను పది రోజులు తిన్నది. చెబితే ఆమె పనితనానికి తక్కువ అవుతుంది. దూది తెలిసిన మనిషి దూది కానిదాన్ని దూది అన్నదని కోడళ్లు నవ్వుతారు. చెప్పకపోతే తెలిసి అబద్ధం ఇచ్చినట్టు. ఆమె పక్కన కూర్చొని, ఎవరూ లేనప్పుడు, మెల్లగా చెప్పాలని చివరకు అనుకున్నాను. నాలుగు రోజులు ఉంటాను గదా, ఏదో ఒక పూట వీలు దొరుకుతుంది.

దయామణికి నాలుగు రోజులు రానని చెప్పాను. రెండు చీరలు, ఒక రవిక, దువ్వెన మూటకట్టుకున్నాను. పుస్తకాన్ని ఆ చీరల మధ్య పెట్టాను. కంభంలో పొద్దుటి రైలు ఎక్కి, కిటికీ దగ్గర కూర్చొని, చెప్పవలసిన మాటలు మనసులో వరసగా పెట్టుకుంటూ పోయాను.

గిద్దలూరులో దూదేకుల వీధి అడగనవసరం లేకపోయింది. దూదేకే విల్లు మోత దూరం నుంచే వినబడింది. అది పెండ్లిళ్ల కాలం. ఆ ఇంట్లో నడవలోనూ వసారాలోనూ నిలబడే చోటు లేకుండా దూది కుప్పలు. దస్తగిరి ముక్కుకు గుడ్డ కట్టుకొని ఏకుతున్నాడు. కోడళ్లు ఇద్దరు పరుపు గలేబు కుడుతున్నారు. బాషాబీ ఒక కాలు చాపుకొని, గింజలు ఏరుతూ, అందరినీ తిడుతూ కూర్చుని ఉంది.

"వదినా! ఓయ్, మా ఆసుపత్రి వదినొచ్చింది! జరగండే, కూచోనీయండి ఆమెను. దస్తగిరీ, ఆపు ఆ మోత!"

నన్ను కౌగిలించుకుంది. నా తలమీద దూది పడితే తుడిచింది. టీ ఇచ్చింది, రొట్టెలు పెట్టింది. మూట విప్పి పుస్తకం ఇచ్చాను. అందరూ మూగారు. పిల్లలు లాక్కున్నారు. "దీని వరస మార్చినావు, బండి ముందు రావాల" అంది. మార్చలేదు, ఆమే మరిచిపోయింది.

పిల్లలు పుస్తకాన్ని వసారాలోకి తీసుకుపోయాక, విల్లు మోత మళ్లీ మొదలయ్యాక, ఆమె చెవి దగ్గరికి వంగాను.

"వదినా, ఒక మాట. అది పత్తి కాదంట."

బాషాబీ గింజలు ఏరడం ఆపలేదు. "తెలుసు."

"ఎవరు చెప్పినారు?"

"ఒకరు చెప్పాల్నా? దూది చెట్టు మీద పడితే కొమ్మ చుట్టూ చుట్టుకుంటాది. ఆ బొమ్మలో కొమ్మల మీదనే ఉండాది, కింద పక్క ఒక్క పోగు లేదు. మొదటి దినమే చూసినా."

"మరి ఏకుడు మంచిదని ఎందుకంటివి?"

"ఏమో. సున్నమో ఉప్పో నాకేం తెలుసు? నువ్వు చేతులకంతా సిరా పూసుకొని, పెండ్లికూతురు మాదిరి నిలబడితివి. కాదు అని యాడ అనేది?" అని నవ్వింది. "పడుకోని పడుకోని నాకూ పొద్దు పోవాల గదా. ఒసే, ఆ కుట్టు వంకర పోతాంది చూడు!" అని కోడలి మీద అరిచింది.

నేను రైల్లో అనుకున్న మాటలు ఏవీ పనికిరాలేదు.

కాసేపటికి నా మూట వైపు చూసింది. "అందులో ఇంకా ఏంది వదినా?"

ఇంట్లో చోటు చూశాను. మనుషులు ఎక్కడ పడుకుంటారో కూడా తెలియలేదు. దూది కుప్పల మీదే పడుకుంటారేమో. బాషాబీ తన మాట మరిచిపోయిందో, గుర్తుండి చెప్పలేకపోయిందో నేను అడగలేదు.

"పుస్తకం నలగకుండా చుట్టిన పాత చీరలు" అన్నాను.

"మంచి పని చేసినావు. సాయంత్రం బండికి పోతావు గదా? దస్తగిరి స్టేషన్ దాకా వస్తాడులే, సందుల్లో కుక్కలు." అప్పుడే ఏకి పక్కన పోసిన కుప్ప నుంచి రెండు చేతులా దూది తీసి నా ఒళ్లో వేసింది. "ఇదీ పత్తి. చూసి పెట్టుకో. మళ్లీ ఉప్పును చూసి మోసపోయేవు."

ఇంట్లో అందరూ నవ్వారు. ఆమె కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నేను బయలుదేరుతుంటే గోడ పట్టుకొని లేచి, కుంటుకుంటూ గడప దాకా వచ్చింది. విల్లు మోతలో ఆమె చివర ఏమన్నదో నాకు వినబడలేదు.

రైలు కంభం చెరువు కట్ట దగ్గరికి వచ్చేదాకా నాకు ఒకటే ఆలోచన. నాలుగు నెలలు మేమిద్దరం కలిసి తిరిగామనుకున్న దేశంలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఆమె మంచం మీద పడుకొని, నేను తిరగడం చూస్తూ ఉంది. చెడ్డ మనసుతో కాదు. అది నాకు తెలుసు. అయినా దీపం వెలిగే ఆ ఇంట్లో రెండో పరుపు ఎవరిదని ఇప్పుడు అనుకోవాలో తెలియలేదు.

మరుసటి రోజు పొద్దున నన్ను చూసి దయామణి ఆశ్చర్యపోయింది.

"నాలుగు రోజులన్నారుగా అత్తా?"

"వాళ్లకు పనుల కాలం అమ్మా. ఉండమని ఒకటే బలవంతం. నేనే వచ్చేసినా."

బొమ్మల గది తాళం తీశాను. అరలు దాదాపు ఖాళీ. ఆ శనివారమే పిచ్చయ్య కార్డులతో పాటు డబ్బాలు కూడా తీసుకుపోయాడు. పత్తి డబ్బా ఒక్కటే మిగిలింది. దానిలో కార్డులు లేవు గనుక వదిలేశాడు. మూత తీసి, కొంగులో తెచ్చిన దూది అందులో పెట్టి, మూత వేశాను. దానిమీద పేరు మార్చవలసిన పని లేకపోయింది.

అప్పుడే పిచ్చయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"పిన్నమ్మా, సీసాలకు బిరడాలు లేవు. దూది దోపి ఇద్దామంటే దూదీ లేదు. దూదేకులోళ్ల ఇంటికి పోయినావంట, ఏమన్నా తెచ్చినావా?" అంటూనే అర మీద చూశాడు. "ఇదిగో, డబ్బా మీద రాసే ఉంది గదా, పత్తి అని!"

"నువ్వే నవ్వితివి గదా నాయనా" అన్నాను. "అందులో ఉండేది మంచు."

పిచ్చయ్యకు ఆ శుక్రవారం మళ్లీ గుర్తుకొచ్చింది. మంచు, మంచు అనుకుంటూ వెళ్లిపోయాడు. అతని నవ్వు నడవ చివరిదాకా వినిపించింది. నేను డబ్బాను దాని చోట పెట్టి, అక్షరాలు బయటికి కనబడేటట్టు తిప్పాను.